మెట్ల కుర్చీ: మూటకు భయం ఉండదు

పోయిన వారం మనం విజిని మెట్ల మలుపులో, చేతిలో రంపంతో వదిలిపెట్టి వచ్చాం. ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది. రంపం పళ్ళు చెక్కను తాకబోతుండగా వాళ్ళవ్వ లూర్దుమేరి "ఆగవే!" అని పెట్టిన కేకకు కింది అంతస్తుల తలుపులన్నీ తెరుచుకున్నాయి.

రాయపురంలో, చేపల రేవు వాసన అందేంత దగ్గరలో ఉన్న హౌసింగ్ బోర్డు ఇళ్ళలో మూడో అంతస్తు వాళ్ళది. లూర్దుమేరి భర్త మాదయ్య హార్బరులో వించి నడిపినవాడు. ఓడల కడుపుల్లోంచి ఎన్నెన్నో బరువులు పైకి లాగిన మనిషి, పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయాక తన ఒంటిని తానే కిందికి దించుకోలేకపోయాడు. అంగట్లో దొరికే ఆస్పత్రి కుర్చీలు ఆ ఇరుకు మలుపులో తిరగవు. రెండేళ్ళుగా ఆయన లోకమంతా ఒక కిటికీ. ఈ ఆదివారం చర్చి నుంచి మాత తేరు బయలుదేరుతుంది. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ ముందు వరసలో తాడు పట్టుకున్నవాడు, ఇప్పుడు బ్యాండు చప్పుడు మాత్రం వింటున్నాడు.

తాతను ఈసారి తేరు దగ్గరికి చేరుస్తానని విజి మాట ఇచ్చింది. మనుషులు వాడుకునే వస్తువులను కొత్తగా ఆలోచించి తయారుచేసే చదువు చదివింది ఆ పిల్ల. మొదట ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెను కత్తిరించి, టేపు అంటించి ఒక కుర్చీ కట్టింది. అది మలుపులో ఇరుక్కుపోయి అందరినీ నవ్వించింది. విజి కూడా నవ్వి, వెడల్పు ఎంత తగ్గించాలో రాసుకుంది. ఆ తర్వాత వెల్డింగు షాపు ముత్తురాజ్‌తో కలిసి చెక్కతో రెండోది చేసింది. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని చెక్క చట్రానికి బిగించారు. చట్రం అడుగున, మనలి ఫ్యాక్టరీల నుంచి పాత సామాన్లవాళ్ళ దగ్గరికి వచ్చిన మందపాటి రబ్బరు బెల్టు ముక్కలు రెండు తాపడం చేశారు. వెనక ఒకరు పట్టుకుని, ముందు ఒకరు ఆపుకుంటూ ఉంటే, రబ్బరు మెట్ల అంచుల మీద రాసుకుంటూ కుర్చీ నిదానంగా జారుతుంది. ముందుగా మనిషికి బదులు ఇసకమూటలు పెట్టి దించి చూశారు.

ఇప్పుడు విజి కోయబోయింది ఆ చెక్క కుర్చీనే.

"ఏంటికే కోస్తావు దాన్ని?" లూర్దుమేరి మోకాళ్ళు పట్టుకుని, గోడ ఆసరాతో మలుపులోకి దిగి వచ్చింది. "నిక్షేపంగా ఉండాది గదా!"

"నిక్షేపంగా లేదవ్వా. కూచునే చోటు ముందుకు వంగి ఉండాది. తాత జారిపోతాడు. ఈ రెండు కాళ్ళూ కోసి వెనక్కి జరపాల."

"మంత్రించిన కుర్చీనా? రంపం పెట్టి?"

విజి రంపం దించింది. ముత్తురాజ్ వైపు చూసింది. ముత్తురాజ్ మెట్ల జాలీ గోడలోంచి కనబడుతున్న ఆకాశం వైపు చూశాడు.

"ఎవురు మంత్రించినారు?"

 లూర్దుమేరికి బదులు కింది మెట్టు మీంచి కలైసెల్వి అందుకుంది. కలైసెల్విది కింది అంతస్తు. ఆ బ్లాకులో ఏం జరిగినా ఆమె లేకుండా జరగదు.

"సోమవారం నువ్వు ఆఫీసుకు పోయినాక ఫాదర్ వచ్చినారు విజీ. మీ అవ్వే పిలిపించింది. తీర్థం చల్లి, జపం చేసి, అంతా జోరుగా చేసినారు. సరే, మీ దేవుడు ఒక పక్క చూసుకుంటాడు, మా దేవుడు ఇంకో పక్క చూసుకోవద్దా? నేనే పసుపు, కుంకుమ పెట్టి, నాలుగు నిమ్మకాయలు తొక్కించినా. చూడు, ఆడ ఇంకా పసుపు ఉండాది."

నిజమే. చట్రం వెనక కర్ర మీద పసుపు ఎండిపోయి ఉంది. విజి దాన్ని రంగు మరకనుకుని అంతకుముందు రెండుసార్లు తుడిచింది కూడా.

"జనం కూడా వచ్చినారు," కలైసెల్వి ఉత్సాహం ఆగలేదు. "అన్ని అంతస్తులవాళ్ళూ. ఎదురు బ్లాకు జెబకుమార్ అయితే కొలతల టేపు తెచ్చుకుని కుర్చీ చుట్టూ ప్రదక్షిణం చేసినాడు. వడ్రంగి కదా, పాపం, ముచ్చట పడినాడు. అందరికీ కేసరి పెట్టినాము."

"నాకు పెట్టలేదు," అన్నాడు ముత్తురాజ్.

"నువ్వు షాపులో ఉంటివి."

విజి మెట్టు మీద కూలబడింది. "అవ్వా, కొత్త బండి కొంటే మంత్రిస్తారు. ఇది బండి కాదు. ఇది బండి ఎట్టా ఉండాలో తెలుసుకునేదానికి చేసిన బొమ్మ."

"బొమ్మ అయితే అంత పొడుగు బోల్టులు ఏంటికి బిగించినారు?" అన్నది లూర్దుమేరి.

 ముత్తురాజ్ గొంతు సవరించుకున్నాడు. అతనిది పని మొత్తం అయ్యేదాకా షాపు ముందు గోనెపట్టా కట్టే అలవాటు. గేటు చేస్తే గేటు, గ్రిల్లు చేస్తే గ్రిల్లు, రంగు వేశాకనే పట్టా తీస్తాడు.

"నేను మొదటే చెప్పినా పాపా. సగం చేసింది నలుగురికీ చూపించబాక అని. సగం అని నీకు తెలుసు, నాకు తెలుసు. చూసేవాళ్ళకు తెలీదు. వాళ్ళకు కుర్చీ కనబడితే కుర్చీనే."

"చూపించకపోతే మలుపులో ఇరుక్కునేది తెలిసేదా అన్నా? అట్టపెట్టెను కత్తెరతో సరిచేసినాము. అదే నీ ఇనుములో అయివుంటే?"

"అదీ నిజమే," అని ముత్తురాజ్ ఒప్పుకున్నాడు. "కానీ ఇదీ నిజమే."

ఇద్దరూ చెరొక నిజాన్ని పట్టుకుని అలా నిలబడి ఉండగా పైనుంచి మాదయ్య గొంతు వినిపించింది.

"ఏమ్మే మేరీ! కుర్చీ వచ్చిందా? ఒక రౌండు పోయొస్తాం!"

అందరూ తలలెత్తి చూశారు. ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మానికి అడ్డంగా వేసుకున్న స్టూలు మీద మాదయ్య కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు. ఒంటిచేత్తో బొత్తాలు పెట్టుకోవడానికి పొద్దున్నుంచీ తంటాలు పడి ఉంటాడు, ఒకటి పక్క కాజాలోకి పోయింది. జుట్టు తడిపి దువ్వుకున్నాడు. చంకలో చెప్పులు. రెండేళ్ళుగా మంచం కింద ఉన్న తోలుచెప్పులు.

 ఆ చొక్కా ఆదివారం కోసమని లూర్దుమేరే ఇస్త్రీకి ఇచ్చింది. ఆయన దాన్ని ఈ రోజే వేసుకున్నాడు. ఫాదర్ తీర్థం చల్లిన రోజు నుంచి ఆయన అన్నం తినే తీరే మారిపోయింది. "దిగేటప్పుడు బరువు తక్కువుండాల" అని ఒక ముద్ద తగ్గించుకునేవాడు, "తాడు లాగాలంటే సత్తువ ఉండాల" అని మళ్ళీ రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు.

విజి పైకి వెళ్ళి తాత ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"తాతా, ఇది నీకోసం చేసింది కాదు."

"మరి ఎవురికి? కలైసెల్వికా?"

"ఎవురికీ కాదు. నిన్ను దించేదానికి చేసింది కాదు ఇది. మేము విరగ్గొట్టి చూసుకునేదానికి చేసింది. ఎక్కడ విరిగిపోతాదో తెలిస్తే, మూడోది ఆడ విరగకుండా చేస్తాము. నువ్వు ఎక్కేది మూడోది."

మాదయ్య కుర్చీ వైపు చూశాడు. మనవరాలి వైపు చూశాడు. చంకలోంచి చెప్పులు తీసి నెమ్మదిగా కింద పెట్టాడు. ఆ చెప్పులు పెట్టిన చప్పుడు మెట్ల మీద ఉన్నవాళ్ళందరికీ వినిపించింది.

"ఇసకమూటలు దిగినాయి గదా మామా, నున్నంగా," అన్నాడు రెండో అంతస్తు ధర్మలింగం, ఉండబట్టలేక. "నేను పట్టుకుంటా వెనకాల. మూట దిగినప్పుడు మనిషి దిగడా?"

"దిగడు," అన్నది విజి లేచి. "మూటకు భయం ఉండదు. మూట గోడ పట్టుకోదు. కిందికి చూసి కళ్ళు తిరిగి, పక్కవాడి చొక్కా పట్టుకుని లాగదు. భయపడే మనిషిని ఇంకా ఎక్కించి చూడలేదు మేము."

 ఎన్నూరు వైపు పోయే కంటైనర్ లారీలు రోడ్డు మీద హారన్లు కొట్టుకుంటున్నాయి.

లూర్దుమేరి మలుపులోని కుర్చీ పక్కన నిలబడి ఉంది. ఈ మెట్ల సంగతి ఆమెకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? తన తల్లిని బెత్తం కుర్చీలో కూర్చోబెట్టి ఈ మలుపులోంచే దించారు. కూతుర్ని, విజిని కన్నతల్లిని, జ్వరంలో దుప్పట్లో వేసుకుని ఈ మలుపులోంచే దించారు. దుప్పటి ఒక్కటే తిరిగి వచ్చింది. లూర్దుమేరే దాన్ని ఉతికి ఆరవేసుకుంది. ఈ మెట్ల మీదుగా నలుగురు పట్టుకుని దించిన మనిషి మళ్ళీ పైకి ఎక్కి రావడం ఆమె ఇంతవరకు చూడలేదు. అందుకే ఫాదర్ జపం మొదలుపెట్టబోతుంటే కొంగు పట్టుకుని అడ్డం వెళ్ళింది. "ఫాదర్, దిగేదానికి చెయ్యబాకండి. ఎక్కేదానికి చెయ్యండి," అని అడిగింది. ఫాదర్ ఒక నిమిషం తికమకపడి, రెండింటికీ కలిపి చేసేశాడు.

ఆ జపం వల్లే ఇప్పుడు ముసలాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. భయం తనది, ఆశ ఆయనది. రెండూ ఒకే కుర్చీ మీద ఎక్కి కూర్చున్నాయి.

"భయపడే మనిషి కావాలంటివి గదా?" అన్నది లూర్దుమేరి. "ఈ బ్లాకులో నాకంటే భయస్తురాలు ఎవురున్నారు? నేను కూచుంటా."

"నువ్వా?" అన్నారు నలుగురైదుగురు ఒక్కసారే.

"మే!" పైనుంచి మాదయ్య. "నీకు లిఫ్టులోనే గుండె దడ గదమ్మే!"

"అందుకే గదయ్యా కూచునేది!"

కలైసెల్వి చప్పట్లు కొట్టింది. విజి ఒద్దంది, ఒద్దంటూనే ఆలోచించింది, ఆలోచిస్తూనే అవ్వ నడుముకు తన చున్నీ చుట్టి కుర్చీ వీపుకు కట్టింది. కుర్చీని పై అంతస్తు దాకా మోసుకుపోకుండా ఆ మలుపులోంచే, రెండో అంతస్తు గడప దాకా ఉన్న చిన్న వరస చాలన్నది. ముత్తురాజ్ వెనక పిడి పట్టుకున్నాడు. ధర్మలింగం ముందు నిలబడ్డాడు. వాళ్ళకు తోడు మెట్టుకొకరు చొప్పున జనం.

ఈ సందడంతా ఎదురు బ్లాకులోని తంగమ్మ చూస్తూనే ఉంది. తంగమ్మ లూర్దుమేరికి సొంత అక్క. మోకాళ్ళు అరిగి, ఒళ్ళు వచ్చి, క్రిస్మస్ తర్వాత మళ్ళీ కిందికి దిగింది లేదు. ఆమె కిటికీ సరిగ్గా ఈ మెట్ల జాలీకి ఎదురుగా ఉంటుంది. అక్కచెల్లెళ్ళిద్దరూ పొద్దున టీ నీళ్ళ దగ్గర్నుంచి సాయంత్రం చేపల కూర దాకా సందుకు అటూ ఇటూ అరుచుకునే మాట్లాడుకుంటారు.

"ఏమ్మే మేరీ, ఏం చేస్తా ఉండావు ఆడ?"

"రథం ఎక్కుతా ఉండానక్కా!"

"ఈ వయసులో ఊరేగింపు కావాల్సొచ్చిందా నీకు?"

"నీకు రానందుకు కడుపుమంట!"

"మెదువా, నిదానంగా," అని ధర్మలింగం అంటుండగా ముత్తురాజ్ పిడిని కొంచెం వంచాడు. కుర్చీ ముందుకు కదిలింది.

లూర్దుమేరి కళ్ళు మూసుకుంది. మాతను తలుచుకుంది. మొదటి మెట్టు అంచు మీద రబ్బరు బరబరమని రాసుకుంది. కిందికి పడిపోతున్నట్టు అనిపించి కళ్ళు తెరిచింది. ఎదురుగా మెట్లు, మెట్ల కింద ఇంకా మెట్లు. అంతే. కుడిచెయ్యి తనంతట తాను పోయి జాలీ గోడను గట్టిగా పట్టుకుంది. కుర్చీ గుంజుకుపోయి పక్కకు తిరిగింది. ధర్మలింగం "అమ్మాడి!" అంటూ తన పొట్ట అడ్డం పెట్టి ఆపాడు.

"చూసినారా!" విజి కేక పెట్టింది. ఆ కేకలో కంగారు కంటే సంతోషం ఎక్కువ ఉంది. "చూసినారా అన్నా! చెయ్యి గోడ మీదికే పోయింది! మూట అట్టా చేసిందా?"

"నేను పడిపోయేదానికి నీకు సంతోషమా?"

"అవ్వా, నీ చేతులకు ముందర పట్టుకునేదానికి ఏమీ లేదు. అందుకే గోడ పట్టుకున్నావు. ముందర ఒక అడ్డకమ్మీ ఉంటే దాన్ని పట్టుకుంటావు. ఇప్పటికి ఇది పట్టుకో." అంటూ కలైసెల్వి చేతిలోని చీపురుకర్ర లాక్కుని కుర్చీ చేతుల మీద అడ్డంగా పెట్టి, రెండు పక్కలా తాడు చుట్టింది.

లూర్దుమేరి చీపురుకర్రను రెండు చేతులా పట్టుకుంది. కుర్చీ మళ్ళీ కదిలింది. బరబర. ఈసారి కళ్ళు మూసుకోలేదు. బరబర. రబ్బరు ప్రతి మెట్టు దగ్గరా ఒక్క క్షణం ఆగి, సరే పో అన్నట్టు వదులుతోంది. ఎవరూ లాగడం లేదు. ఎవరూ ఎత్తడం లేదు. ఎప్పుడూ గోడకు అతుక్కుని, ఒక్కో మెట్టుకూ ఒక్కో మూలుగు మూలుగుతూ దిగే మెట్లు ఇవేనా? జాలీలోంచి సముద్రపు గాలి వచ్చి ముఖాన కొట్టింది. చిన్నప్పుడు రేవులో తడి ఇసుక దిబ్బ మీంచి తానూ అక్కా గోనె మీద కూర్చుని జారిన సంగతి ఎక్కణ్ణించో గుర్తొచ్చింది. అంతే, నవ్వు వచ్చేసింది. చిన్నగా మొదలై, ఆపుకోలేనంతగా, పళ్ళు లేని చోట కూడా దాచుకోకుండా, గలగలమని నవ్వుతూ లూర్దుమేరి రెండో అంతస్తు గడప ముందుకు చేరింది.

మెట్లన్నీ చప్పట్లతో మోగిపోయాయి. కలైసెల్వి ఈల వేసింది. ఎదురు కిటికీలోంచి తంగమ్మ, "మేరీ! మళ్ళీ ఒకసారి దిగవే, సరిగా చూడలేదు!" అని అరిచింది. ఆ అరుపులో కూడా నవ్వే. ఆ తర్వాత ఆమె కిటికీ దగ్గర నుంచి లేచి లోపలికి పోవడం ఎవరూ గమనించలేదు. అందరూ లూర్దుమేరినే చూస్తున్నారు.

"ఎట్టుందమ్మే?" మాదయ్య గొంతు పైనుంచి వచ్చింది. కనబడని మనిషి గొంతులో ఆత్రం ఇంకా ఎక్కువగా తెలుస్తుంది.

"బాగుండాదయ్యా! కడుపులో చక్కిలిగింత పెట్టినట్టు ఉండాది!" అని, చీరకొంగుతో కళ్ళు తుడుచుకుని, లూర్దుమేరి ముత్తురాజ్ వైపు తిరిగింది. "సరే. ఇప్పుడు నన్ను పైకి తీసుకుపోండి."

"ఇప్పుడా? లేవండక్కా, నడిచి..."

"నేను లేవను. ఆయన అయితే లేస్తాడా?"

ముత్తురాజ్ పిడి పట్టుకుని వెనక్కి లాగాడు. కుర్చీ కదల్లేదు. ధర్మలింగం ముందు నుంచి తోశాడు. రబ్బరు మెట్టు అంచును కరుచుకుంది. కిందికి జారేటప్పుడు పట్టుకుని కాపాడిన రబ్బరే, పైకి లాగితే అదే పట్టు పట్టింది. ఇద్దరూ కలిసి "హై... సా" అని ఊపారు. కుర్చీ కిర్రుమన్నది. వెనక ఒక బోల్టు వదులై టింగుమని కింద పడి మెట్లు దిగిపోయింది. ముత్తురాజ్ నుదుటి మీద చెమట పట్టింది. మోసుకుపోదామని చూస్తే, మనిషి బరువూ చట్రం బరువూ కలిసి ఆ ఇరుకులో ఎవరి మోచేతులకూ చోటు లేదు.

లూర్దుమేరి చీపురుకర్ర పట్టుకుని బిగుసుకుని కూర్చుంది. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, కానీ గొంతు మారింది.

"విజీ. ఇది దించుతాది. ఎక్కించదు. ఆదివారం తేరు అయిపోయినాక మీ తాత యాడ పడుకోవాల? కలైసెల్వి ఇంటి ముందరా?"

విజి పైమెట్ల వైపు చూసింది. అట్టపెట్టె కుర్చీ నాడు, చెక్క కుర్చీ నాడు, ఇసకమూటలు దించిన నాడు, అందరి కళ్ళూ కిందికే. మూటలను ఎవరూ పైకి తీసుకురాలేదు. ఇసుకను కిందనే గుమ్మరించేశారు. పైకి తేవాలన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఎక్కేదానికి జపం చెయ్యమని అవ్వ ఫాదర్‌ను అడిగిన సంగతి అప్పుడు కలైసెల్వి చెప్పింది. విజి మెల్లగా అవ్వ పక్కన మెట్టు మీద కూర్చుని, ఆమె ఒళ్ళో తల పెట్టింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని లూర్దుమేరి తల నిమిరింది. చూస్తే నవ్వుతోంది.

"ఫాదర్‌కు చెప్పినావు గానీ నాకు చెప్పలేదే అవ్వా! మాతకు చెప్పినావు! కుర్చీ చేసేదాన్ని నేను గదా!"

"నువ్వు తిడతావని. భయమంటే పరిహాసం చేస్తావు గదా నువ్వు."

"ఇంక చెయ్యను. నీ భయాలన్నీ చెప్పు. ఒక్కోదానికి ఒక్కో బోల్టు వేస్తా." విజి తల ఎత్తి ముత్తురాజ్‌ను పిలిచింది. "అన్నా, పైకి లాగేటప్పుడు రబ్బరు మెట్టును వదిలెయ్యాల. దాని బదులు చక్రాలు ఆనుకోవాల. పిడి తిప్పితే రబ్బరు పైకి లేచేటట్టు..."

"కీలు పెడితే లేస్తాది," ముత్తురాజ్ అప్పటికే వంగి చట్రం కిందికి చూస్తున్నాడు. "కానీ చెక్కలో పట్టదు. ఇనుప పైపు కావాల. ఈ కాళ్ళు కోసేస్తే..." అక్కడ ఆగి, భయంభయంగా లూర్దుమేరి వైపు చూశాడు. "కొయ్యొచ్చా అక్కా?"

మెట్ల మీద అందరి కళ్ళూ ఆమె మీదికి తిరిగాయి. లూర్దుమేరి చున్నీ ముడి విప్పుకుని లేచి నిలబడింది. చట్రం మీది పసుపు మచ్చను ఒకసారి తడిమింది. తల పైకెత్తి, కనబడని గుమ్మం వైపు కేక వేసింది.

"ఏమయ్యా! కోసేస్తా ఉండాము! ఆదివారం నాటికి వేరేది వస్తాది. దిగేది, ఎక్కేది. అంతదాకా ఓపిక పడతావా?"

 "నేను పడతా. ఈ చొక్కా పట్టాల గదా! విప్పి మడత పెట్టమను. బొత్తం కూడా తప్పు కాజాలో పెట్టినా, ఎవురూ చెప్పలేదు!" అని మాదయ్య గొంతు.

మూడో అంతస్తు నుంచి కింది దాకా నవ్వులు జారిపోయాయి. లూర్దుమేరి రంపం అందుకుంది. జపం చేయించింది తానే కాబట్టి మొదటి కోత తానే కోయాలని పట్టుబట్టింది. రంపం వంకరటింకరగా రెండుసార్లు కదిలింది. చెక్కపొడి చీర మీద రాలింది. గుండెలో ఎన్నాళ్ళుగానో బిగిసి ఉన్న ముడి ఏదో ఆ పొడితోపాటు రాలినట్టు అనిపించి, రంపం విజి చేతికి ఇచ్చి, ఆ ముచ్చట అక్కకు చెబుదామని జాలీ దగ్గరికి వెళ్ళింది.

"అక్కా! చూసినావా, నేనే..."

ఎదురు కిటికీ ఖాళీగా ఉంది.

తంగమ్మ కిటికీ ఈ వేళప్పుడు ఖాళీగా ఉండటం లూర్దుమేరి ఎరగదు. కిటికీ గట్టు మీద టీ గ్లాసు ఉంది, సగం తాగింది. అక్క టీ సగంలో వదిలే మనిషి కాదు.

అప్పుడు వినిపించింది. ఎదురు బ్లాకు మెట్లలోంచి మగవాళ్ళ గొంతులు. మధ్యలో జెబకుమార్ గొంతు, గర్వంగా. "పెద్దమ్మా, భయపడబాక! అచ్చం వాళ్ళ కుర్చీనే. ఒక్క అంగుళం తేడా లేదు. రాత్రీ పగలూ కూచుని చేసినా. ఫాదర్ మంత్రించినదే గదా, ఆ కొలతలే!"

ఆ గొంతుల వెనకాల బరబర. రబ్బరు మెట్టు అంచును రాసుకునే ఆ బరబర.

విజి చేతిలో రంపం ఆగిపోయింది. ఆమె ముఖంలో రక్తం లేదు. "అవ్వా... దానికి ముందర కమ్మీ లేదు. కూచునే చోటు కూడా ముందుకు వంగి..." మాట పూర్తి కాలేదు.

జెబకుమార్ కొలిచింది సోమవారం నాటి కుర్చీని. తంగమ్మ చూసింది చెల్లెలు నవ్వుతూ దిగినంతవరకే. గోడ పట్టుకున్నప్పుడు కుర్చీ పక్కకు తిరిగిన సంగతి జాలీ సందుల్లోంచి అంత దూరానికి తెలిసి ఉండదు.

లూర్దుమేరి కొంగు నడుముకు చుట్టింది. గోడ పట్టుకోకుండా ఎప్పుడూ ఒక్క మెట్టు దిగని మనిషి, రెండు చేతులూ గాలిలో ఆడిస్తూ, మనుషులను తోసుకుంటూ దిగిపోయింది. మోకాళ్ళు ఉన్నాయన్న మాటే మరిచిపోయింది. కింద సందులోకి వచ్చి పడి, ఎదురు మెట్ల చీకటిలోకి గొంతు చించుకుని అరిచింది.

"అక్కా! గోడ పట్టుకోబాక! అక్కా, గోడ పట్టుకోబాక!"

పైనుంచి తంగమ్మ నవ్వు వినిపించింది. చిన్నప్పుడు ఇసుక దిబ్బ మీంచి జారినప్పటి నవ్వే. గలగలమని, మెట్టు మెట్టుకూ దగ్గరవుతూ వచ్చిన నవ్వు, మలుపు దగ్గర సగంలో ఆగిపోయింది.